అన్ని నరాలకూ తొడుగు ఎందుకు ఉండదు?

మధుమేహం వచ్చి కొన్నేళ్లు గడిచినవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. రాత్రి పడుకునే వేళకు అరికాళ్లు మంటలెత్తుతాయి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. డాక్టరు నరాల పరీక్ష రాస్తారు. కాలికి చిన్నచిన్న కరెంటు షాకులిచ్చి, నరంలో సంకేతం ఎంత వేగంగా వెళుతోందో కొలుస్తారు. చేతికొచ్చిన రిపోర్టులో మాత్రం 'నార్మల్' అని ఉంటుంది. "ఏమీ లేదన్నారుగా, అంతా నీ అనుమానం" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. మంట తగ్గదు.

పరీక్ష తప్పు కాదు. మంట కూడా అబద్ధం కాదు. ఆ యంత్రం కొలిచింది నరంలోని లావుపాటి, తొడుగున్న తంతువుల పనితీరును. మంటను మోసుకెళ్లేవి వాటిలో పదో వంతు మందం కూడా లేని, ఏ తొడుగూ లేని సన్నని తంతువులు. అవి దెబ్బతిన్నా ఆ యంత్రానికి కనిపించవు. ఒకే నరంలో పక్కపక్కనే ఉన్న తంతువుల్లో కొన్నింటికి తొడుగుండటం, కొన్నింటికి లేకపోవడం ఏమిటి? ఎవరికి తొడుగు వేయాలో ఎవరు నిర్ణయిస్తారు? క్షీరదాల నాడీవ్యవస్థ గురించి వందేళ్లుగా సాగుతున్న పరిశోధనలో ఇదొక ముఖ్యమైన ప్రశ్న. జవాబు చాలావరకు తంతువు మందంలో ఉంది. అయితే పూర్తిగా అందులోనే లేదు.

ఒకే నరంలో రకరకాల తీగలు

మనం నరం అని పిలిచేది ఒక్క తీగ కాదు, వేల తీగల కట్ట. ఒక్కో తీగ ఒక నాడీకణం నుంచి సాగిన పొడవాటి తోక. పాఠ్యపుస్తకాల్లో దీన్ని తంత్రికాక్షం అంటారు, ఆక్సాన్ అన్నా అదే. కాలి బొటనవేలి నుంచి వెన్నుపాము దాకా దాదాపు మీటరు పొడవు సాగే ఆక్సాన్లు మన ఒంట్లో ఉన్నాయి. వాటి మందాన్ని మాత్రం మైక్రాన్లలో కొలవాలి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్.

కండరాలను కదిలించే తంతువులు, కండరం ఎంత సాగిందో చెప్పే తంతువులు అన్నిటికన్నా లావు. తొడుగుతో కలిపి 13 నుంచి 20 మైక్రాన్లుంటాయి. వాటిలో సంకేతం సెకనుకు 80 నుంచి 120 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. స్పర్శను మోసేవి 6 నుంచి 12 మైక్రాన్లు. చురుక్కుమనే నొప్పిని, చల్లదనాన్ని మోసేవి 1 నుంచి 5 మైక్రాన్లు, పలుచని తొడుగుతో ఉంటాయి. చివరి రకం మందం 0.2 నుంచి 1.5 మైక్రాన్లే. వీటికి తొడుగు ఉండదు. వేగం సెకనుకు అర మీటరు నుంచి 2 మీటర్లు, అంటే మనిషి నడకతో సమానం. మంట, సలుపు, వెచ్చదనం, దురద ఇందులో వెళతాయి. చర్మానికి వెళ్లే నరాల్లో లెక్కపెడితే తొడుగు లేని ఈ సన్నని తంతువులే ఎక్కువ.

దీన్ని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. చీకట్లో బొటనవేలు గడపకు కొట్టుకున్న క్షణం గుర్తుచేసుకోండి. ముందు తగిలిందని తెలుస్తుంది. వెంటనే సూదితో పొడిచినట్టు చురుక్కుమంటుంది. "అమ్మా" అని కాలు పట్టుకుని కూర్చున్నాక, ఒక క్షణం ఆలస్యంగా, లోపలినుంచి సలుపు మొదలవుతుంది. వేలి నుంచి వెన్నుపాముకు సుమారు మీటరు దూరం అనుకుంటే, స్పర్శ సెకనులో యాభయ్యో వంతులో చేరుతుంది. చురుకు సెకనులో పదిహేనో వంతు తీసుకుంటుంది. సలుపును మోసే తంతువుకు మాత్రం ఇంచుమించు పూర్తి సెకను పడుతుంది. దెబ్బ ఒక్కటే, కబురు మూడు విడతలుగా అందింది.

అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో జోసెఫ్ ఎర్లాంగర్, హెర్బర్ట్ గ్యాసర్ 1920లలో ఈ విడతలను తెర మీద చూశారు. అప్పుడే అందుబాటులోకి వస్తున్న కేథోడ్ కిరణ ఆసిలోస్కోప్‌ను నరానికి కలిపితే, ఒక్క షాకుకు ఒక్క అల రాలేదు. ముందొకటి, వెనకొకటి, బాగా వెనక మరొకటి వచ్చాయి. ముందొచ్చే అల లావు తంతువులది. ఈ పనికి వాళ్లిద్దరికీ 1944లో నోబెల్ బహుమతి వచ్చింది.

లావు పెంచితే చాలదా?

తొడుగు లేకుండా వేగం సాధించిన జీవులున్నాయి. ఆక్టోపస్‌కు దగ్గరి చుట్టమైన స్క్విడ్ ప్రమాదం ఎదురైతే నీటిని ఒక్కసారిగా చిమ్మి వెనక్కి దూసుకుపోతుంది. ఆ ఆజ్ఞను మోసే ఆక్సాన్ మందం దాదాపు అర మిల్లీమీటరు, అంటే 500 మైక్రాన్లు. కంటికి కనిపించేంత లావు కాబట్టే హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అందులోకి ఎలక్ట్రోడు దూర్చి నాడీ సంకేతం ఎలా పుడుతుందో 1952లో లెక్కలతో సహా చెప్పగలిగారు. అంత లావున్నా దాని వేగం సెకనుకు 25 మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మన ఒంట్లో 5 మైక్రాన్ల తంతువు, తొడుగు ఉండటం వల్ల, ఆ వేగాన్ని అందుకుంటుంది. మందంలో తేడా వంద రెట్లు. ఆక్రమించే చోటులో తేడా పదివేల రెట్లు.

ఎందుకింత తేడా? తొడుగు లేని తంతువులో వేగం, మందానికి వర్గమూలంలా పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే మందం నాలుగు రెట్లు కావాలి. ఒక మైక్రాన్ తంతువు సెకనుకు ఒక మీటరు పోతుందనుకుంటే, వంద మీటర్ల వేగానికి దాని మందం పదివేల మైక్రాన్లుండాలి. అంటే ఒక సెంటీమీటరు. ఒక్క కండరానికి ఆజ్ఞ ఇచ్చే ఒక్క తీగ చిటికెన వేలంత అన్నమాట. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరంలో సుమారు పది లక్షల తంతువులుంటాయి. అవన్నీ స్క్విడ్ తంతువంత లావుంటే, పక్కపక్కన పేర్చినప్పుడు ఆ కట్ట అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు అవుతుంది. అప్పుడు తలకన్నా కంటి నరమే పెద్దది.

తొడుగున్న తంతువులో లెక్క మారుతుంది. వేగం మందంతో నేరుగా పెరుగుతుంది. మందం రెట్టింపైతే వేగమూ రెట్టింపు. పిల్లి నరాల మీద హర్ష్ అనే శాస్త్రవేత్త 1939లో చేసిన కొలతల ప్రకారం, తంతువు మందంలో ప్రతి మైక్రాన్‌కూ సెకనుకు దాదాపు 6 మీటర్ల వేగం వస్తుంది. ఇది లావు తంతువులకు ఇప్పటికీ పనికొచ్చే లెక్క.

పూతరేకు లాంటి తొడుగు

ఈ తొడుగు పేరు మయిలిన్. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1854లో ఈ పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు మూలుగ అని అర్థం. ఎండబెట్టిన మయిలిన్ బరువులో 70 నుంచి 80 శాతం కొవ్వులే. మెదడు కోస్తే లోపల తెల్లగా కనిపించే భాగానికి ఆ తెలుపు దీనివల్లే వచ్చింది.

చాలాకాలం దీన్ని తంతువు చుట్టూ పేరుకున్న కొవ్వు అనే అనుకున్నారు. 1954లో బెట్టీ గెరెన్ కోడి పిండం నరాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి అసలు సంగతి చెప్పారు. అది పేరుకున్నది కాదు, చుట్టుకున్నది. పక్కనున్న ష్వాన్ కణం తన పొరను పలుచగా సాగదీసి తంతువు చుట్టూ మళ్లీ మళ్లీ తిప్పుతుంది. ఆత్రేయపురం పూతరేకు తయారవడం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. పలుచని రేకు, మధ్యలో నెయ్యి, మడత మీద మడత. ఇక్కడ లోపల బెల్లానికి బదులు ఆక్సాన్ ఉంటుంది. లావు తంతువు మీద ఈ చుట్లు వంద వరకు ఉండవచ్చు.

తొడుగు ఏకబిగిన ఉండదు. ఒక ష్వాన్ కణం ఒక ముక్కనే చుడుతుంది. లావు తంతువుల్లో ఆ ముక్క పొడవు మిల్లీమీటరు లేదా కాస్త ఎక్కువ. రెండు ముక్కల మధ్య ఒక మైక్రాన్ పాటి ఖాళీ ఉంటుంది. ఇవే రాన్వియర్ కణుపులు. సంకేతం కణుపు నుంచి కణుపుకు అందుకుంటూ పోతుంది. మధ్య దారిలో కరెంటు బయటికి కారిపోకుండా మయిలిన్ ఆపుతుంది. బొటనవేలి దాకా వెళ్లే ఒక్క తంతువుకు ఇలా దాదాపు వెయ్యి ష్వాన్ కణాలు వరుసగా కాపలా ఉంటాయి. పిల్లవాడు ఎదిగేటప్పుడు కాలు పొడవు పెరిగినా ఈ కణాల సంఖ్య పెరగదు. ఉన్న ముక్కలే సాగుతాయి. అందుకే పిండ దశలో ముందుగా తొడుగు పడ్డ తంతువులకు పెద్దయ్యాక ముక్కలు పొడుగ్గా కనిపిస్తాయి.

మెదడు, వెన్నుపాముల్లో ఈ పని ష్వాన్ కణాలది కాదు, ఆలిగోడెండ్రోసైట్లది. ష్వాన్ కణం ఒకే తంతువుకు అంకితం. ఆలిగోడెండ్రోసైటు మాత్రం చేతులు చాచి, నలభై యాభై ముక్కల దాకా వేర్వేరు తంతువుల మీద చుట్టగలదు. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది.

గీత ఎక్కడ పడింది?

1934లో డొనాల్డ్ డంకన్ వెన్నుపాము నుంచి బయటికొచ్చే నరాల వేళ్లలో తంతువులను ఓపికగా కొలిచి, 1, 2 మైక్రాన్ల మధ్య ఒక హద్దు ఉన్నట్టు చూపించారు. అంతకన్నా సన్నని వాటికి తొడుగు లేదు, లావు వాటికి ఉంది. తర్వాత వచ్చిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు దీన్ని బలపరిచాయి. బయటి నరాల్లో సుమారు ఒక మైక్రాన్ దాటిన ఆక్సాన్‌ను ష్వాన్ కణం విడదీసి, ఒంటరిగా తన అధీనంలోకి తీసుకుని చుడుతుంది. అంతకన్నా సన్నని వాటిని కొన్నింటిని కలిపి ఒకే ష్వాన్ కణం తన మడతల్లో ఇముడ్చుకుని ఊరుకుంటుంది. పక్షి రెక్కల కింద పిల్లలను పొదువుకున్నట్టు ఉంటుంది ఆ అమరిక. దీన్ని రెమాక్ కట్ట అంటారు.

ఆ హద్దు అక్కడే ఎందుకు? 1951లో రష్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త భౌతికశాస్త్రం వైపు నుంచి జవాబు చెప్పారు. తొడుగు లేని తంతువు వేగాన్ని మందానికి ఎదురుగా గీస్తే వర్గమూలపు వంపు వస్తుంది. తొడుగున్న దానికి సరళరేఖ వస్తుంది. వంపు మొదట్లో నిటారుగా లేచి తర్వాత చదునవుతుంది. కాబట్టి చాలా సన్నని తంతువుల దగ్గర సరళరేఖ వంపుకు కింద ఉంటుంది. ఒకచోట రెండూ కలుస్తాయి. ఆ బిందువుకు ఇవతల తొడుగు వేస్తే వేగం పెరగదు సరికదా తగ్గుతుంది. రష్టన్ లెక్కలో ఆ బిందువు ఒక మైక్రాన్ దగ్గర తేలింది. డంకన్ కొలతకు ఇది దగ్గరగా ఉండటంతో కథ ముగిసినట్టే అనిపించింది.

ముగియలేదు. మెదడులో 0.2 మైక్రాన్ల ఆక్సాన్లకు కూడా తొడుగులు కనిపించాయి. 1972లో వాక్స్‌మన్, బెనెట్ కొత్త కొలతలతో లెక్కను సవరించి, లాభం మొదలయ్యే హద్దు 0.2 మైక్రాన్లని చెప్పారు. మెదడుకు ఇది సరిపోయింది. కానీ అప్పుడు బయటి నరాలు ఇబ్బంది పెట్టాయి. 0.2 దగ్గరే లాభం మొదలైతే ష్వాన్ కణాలు ఒక మైక్రాన్ దాకా ఎందుకు ఆగాలి? నా ఉద్దేశంలో ఇక్కడ వేగం లెక్క ఒక్కటే చాలదు, ఖర్చు లెక్క కూడా చూడాలి. బయటి నరంలో ప్రతి తంతువుకూ ప్రతి మిల్లీమీటరుకూ ఒక ప్రత్యేక కణం కావాలి. ఒక్క కణంతో నలభై ముక్కలు చుట్టించుకునే మెదడుకు ఆ ఖర్చు తక్కువ. పైగా వెచ్చదనం కబురు అర సెకను ముందు అందినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. మెదడులోనూ 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య మసక ప్రాంతం ఉంది. ఒకే మందమున్న రెండు తంతువుల్లో ఒకదానికి తొడుగుంటుంది, పక్కదానికి ఉండదు.

చుట్టేవాడా, చుట్టించుకునేవాడా?

లావుకూ తొడుగుకూ సంబంధం ఉందన్నది కొలతల మాట. ఏది కారణం, ఏది ఫలితం అన్నది వేరే ప్రశ్న. దీన్ని విప్పిన ప్రయోగాలు ఈ రంగంలో చాలా ముచ్చటైనవి.

1970లలో మాంట్రియల్‌లో అల్బర్ట్ అగ్వాయో బృందం, న్యూయార్క్‌లో వైన్‌బర్గ్, స్పెన్సర్ నరాలను అంటుకట్టారు. తొడుగు లేని తంతువులే ఎక్కువగా ఉండే నరం ముక్కను తీసి, తొడుగున్న తంతువుల నరంలో అతికించారు. ముక్కలోని పాత ఆక్సాన్లు చచ్చిపోతాయి, ష్వాన్ కణాలు మిగులుతాయి. ఆ కణాల మధ్యగా కొత్త నరం ఆక్సాన్లు పెరిగాయి. జీవితంలో ఎన్నడూ మయిలిన్ చుట్టని ఆ ష్వాన్ కణాలు చక్కగా చుట్టడం మొదలుపెట్టాయి. అంటే నైపుణ్యం అన్ని ష్వాన్ కణాలకూ ఉంది. చుట్టమని చెప్పేది ఆక్సాన్.

1989లో వాయివోడిక్ మరో అడుగు ముందుకేశారు. ఎలుక లాలాజల గ్రంథికి వెళ్లే సింపథెటిక్ తంతువులు సన్ననివి, మామూలుగా తొడుగు లేనివి. ఒక్కో తంతువుకు అందే గ్రంథి భాగం పెరిగేలా ఆయన ఏర్పాటు చేశారు. బాధ్యత పెరిగిన తంతువులు లావయ్యాయి. లావైన వాటిలో చాలావాటికి మయిలిన్ తొడుగు పడింది. కండ పట్టినట్టు తంతువు లావవ్వగానే పక్కనున్న కణాలు తమ పని గుర్తుచేసుకున్నాయి.

ఆక్సాన్ లావెక్కిందని ష్వాన్ కణానికి ఎలా తెలుస్తుంది? టేపు పెట్టి కొలవదు కదా. ఆక్సాన్ పొర మీద న్యూరెగ్యులిన్-1 అనే ప్రొటీన్ ఉంటుంది. అందులో మూడో రకం ఇక్కడ ముఖ్యం. దాన్ని గుర్తించే గ్రాహకాలు ష్వాన్ కణం మీద ఉంటాయి. ఆక్సాన్ ఎంత లావుంటే ష్వాన్ కణానికి తగిలే న్యూరెగ్యులిన్ మొత్తం అంత ఎక్కువ. 2004లో జర్మనీలోని గోటింగెన్‌లో క్లాస్-ఆర్మిన్ నావే బృందం ఎలుకల్లో ఈ ప్రొటీన్ మోతాదును మార్చి చూసింది. సగానికి తగ్గిస్తే తొడుగు పలుచబడింది. పెంచితే ఆక్సాన్ లావు మారకుండానే తొడుగు మందమెక్కింది. మరుసటి ఏడాది న్యూయార్క్ పరిశోధకులు, మామూలుగా తొడుగు పడని సన్నని తంతువుల్లో ఈ ప్రొటీన్‌ను బలవంతంగా తయారుచేయించి, వాటికి మయిలిన్ పట్టించారు. దీన్నిబట్టి చూస్తే బయటి నరాల్లో 'లావు' అనేది ఒక రసాయన సందేశానికి ఆనవాలు మాత్రమే. అసలు ఆజ్ఞ న్యూరెగ్యులిన్ మోతాదులో ఉంది.

మెదడులో ఇదే సూత్రం పనిచేస్తుందని అందరూ ఆశించారు. పనిచేయలేదు. న్యూరెగ్యులిన్ అందకపోయినా ఆలిగోడెండ్రోసైట్లు మయిలిన్ తయారుచేశాయి. రసాయనాలతో బిగదీసిన, ప్రాణం లేని ఆక్సాన్లను ఇచ్చినా చుట్టాయి. 2012లో కాలిఫోర్నియాలో జోనా చాన్ బృందం ఆక్సాన్లనే తీసేసింది. ప్లాస్టిక్ లాంటి పాలిస్టైరీన్‌తో రకరకాల మందాల్లో నూలు పోగులు వడికి, వాటి మీద ఎలుక ఆలిగోడెండ్రోసైట్లను వదిలింది. 0.4 మైక్రాన్లకు మించిన పోగులను అవి చుట్టేశాయి, అంతకన్నా సన్నని వాటిని చాలావరకు వదిలేశాయి. పోగులో జీవం లేదు, ప్రొటీన్ లేదు, సందేశం లేదు. ఉన్నది లావు ఒక్కటే. మెదడులో మాత్రం లావు నిజంగా లావుగానే లెక్కకు వస్తుందన్నమాట.

అదొక్కటే కాదని మళ్లీ గోటింగెన్ నుంచే 2017లో మరో ఫలితం వచ్చింది. చిన్నమెదడులోని సమాంతర తంతువులు మెదడు మొత్తంలో అతి సన్నని వాటిలో ఉంటాయి. వాటికి తొడుగుండదు. ఆ కణాల్లో ఎదుగుదలకు కళ్లెం వేసే పీటెన్ అనే జన్యువును తీసేస్తే అవి లావెక్కాయి, తర్వాత మయిలిన్ కూడా పట్టింది. అయితే కేవలం లావుతో పాటు, ఆ నాడీకణాలు విడుదల చేసే సంకేతాలు కూడా మారాయి. చుట్టే కణాలను ఆ చోటికి రప్పించడంలో వాటికీ వాటా ఉంది.

తొడుగూ తంతువును మారుస్తుంది

ఇంతవరకు ఆక్సాన్ యజమాని, చుట్టే కణం పనివాడు అన్నట్టు చెప్పుకొచ్చాం. అలా పూర్తిగా అనుకుంటే పొరపాటు. ట్రెంబ్లర్ అనే ఎలుకల జాతి ఉంది. జన్యులోపం వల్ల వాటి ష్వాన్ కణాలు సరైన మయిలిన్ చుట్టలేవు, ఎలుక వణుకుతూ నడుస్తుంది. ఆ ఎలుక నరం ముక్కను మామూలు ఎలుక నరంలో అతికించి చూశారు. ఒకే ఆక్సాన్, మంచి కణాలున్న చోట లావుగా ఉంది. ట్రెంబ్లర్ ముక్క గుండా పోయినంత మేరా సన్నబడింది. దాటాక మళ్లీ లావైంది. లోపల ఆక్సాన్‌కు అస్థిపంజరంలా ఉండే న్యూరోఫిలమెంట్ల మీద ఫాస్ఫేట్ గుంపులు చేరితే, అవి ఒకదాన్నొకటి నెట్టుకుని దూరం జరుగుతాయి, ఆక్సాన్ ఉబ్బుతుంది. తొడుగు సరిగా లేనిచోట ఆ ఫాస్ఫేట్లు తగ్గాయని 1992లో డి వేగ్, బ్రేడీ చూపించారు.

మన కంట్లోనూ ఇదే ఉంది. రెటీనా లోపల ఆక్సాన్లకు తొడుగుండదు. ఉంటే తెల్లటి మయిలిన్ కాంతికి అడ్డొస్తుంది. అదే ఆక్సాన్ కనుగుడ్డు వెనక జల్లెడ లాంటి పొరను దాటి బయటపడగానే తొడుగు పడుతుంది, అక్కడే మందమూ పెరుగుతుంది. లావు వల్ల తొడుగు, తొడుగు వల్ల లావు. రెండూ నిజమే.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒక నిష్పత్తి దగ్గర కుదురుకుంటుంది. ఆక్సాన్ మందాన్ని, తొడుగుతో కలిపిన మొత్తం మందంతో భాగిస్తే వచ్చే సంఖ్యను జి-నిష్పత్తి అంటారు. బయటి నరాల్లో అది 0.6 నుంచి 0.7 మధ్య ఉంటుంది. ఉన్న చోటును ఆక్సాన్‌కూ తొడుగుకూ ఎలా పంచితే వేగం ఎక్కువ వస్తుందని రష్టన్ లెక్కగడితే 0.6 వచ్చింది. తొడుగు మరీ మందమైతే ఆక్సాన్‌కు చోటుండదు, మరీ పలుచనైతే కరెంటు కారుతుంది. దెబ్బతిన్న తొడుగు తిరిగి ఏర్పడినప్పుడు ఈ నిష్పత్తి పూర్తిగా వెనక్కి రాదు. కొత్త తొడుగు పలుచగా, ముక్కలు పొట్టిగా ఉంటాయి. మైక్రోస్కోపులో నరం ముక్క చూసే నిపుణులు పాత గాయాన్ని గుర్తుపట్టేది దీనితోనే.

మయిలిన్‌కూ హద్దులున్నాయి. 2010లో కెనడా పరిశోధకులు చుంచు నుంచి ఏనుగు దాకా కాలి నరాల వేగాన్ని పోల్చారు. కాలి పొడవులో తేడా వంద రెట్లు. నరాల వేగంలో తేడా రెండు రెట్లే. ఏనుగు తన నరాలను ఇంకా లావు చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. వేగం రెట్టింపు కావాలంటే తంతువు ఆక్రమించే చోటు నాలుగు రెట్లవుతుంది, అప్పుడు అదే నరంలో పట్టే తంతువులు నాలుగో వంతుకు తగ్గుతాయి. ఏనుగు వేగాన్ని వదులుకుంది. పాదానికి ఏదో తగిలిన కబురు అందేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి, అది అడుగును ముందే అంచనా వేసుకుని వేయాలి.

జబ్బులు తంతువులను ఎంచుకుంటాయి

కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది. లేచి నిలబడితే పాదం నేల మీద ఉందో లేదో తెలియదు. గట్టిగా గిల్లితే మొద్దుగా నొప్పి మాత్రం తెలుస్తుంది. ఒత్తిడికి, రక్తం అందకపోవడానికి ముందు లొంగేవి లావు తంతువులు. మత్తు ఇంజెక్షన్‌కు దాదాపు దీనికి వ్యతిరేకం. పన్ను పీకేటప్పుడు నొప్పి పోతుంది, డాక్టరు లాగుతున్న ఒత్తిడి తెలుస్తూనే ఉంటుంది.

జబ్బులకూ ఇలాంటి ఇష్టాలున్నాయి. విటమిన్ బి12 లోపిస్తే వెన్నుపాము వెనక భాగంలోని మయిలిన్ పాడవుతుంది. అందులో వెళ్లేవి లావు తంతువులు, కాళ్లు ఎక్కడున్నాయో, కంపనం ఎలా ఉందో చెప్పేవి. అలాంటి మనిషి వెలుతురులో బాగానే నడుస్తాడు. చీకట్లో, లేదా ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకున్నప్పుడు తూలుతాడు. పూర్తి శాకాహారుల్లో, పాలు కూడా తీసుకోని వాళ్లలో ఈ లోపానికి అవకాశం ఎక్కువ. మధుమేహానికి ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గించగలదు. అందుకే మధుమేహం ఉన్నవాళ్ల కాళ్ల తిమ్మిర్లన్నింటినీ చక్కెర ఖాతాలోనే వేయకుండా బి12 ఒకసారి చూడటం మంచిది. దీనికి చికిత్స ఉంది, ఆలస్యమైతే మాత్రం నష్టం మిగిలిపోవచ్చు.

కుష్ఠు దారి వేరు. ఆ బాక్టీరియా ష్వాన్ కణాల్లోనే కాపురం పెడుతుంది. మచ్చ మీద మొదట పోయేది వేడి, చల్లదనం, నొప్పి తెలిసే శక్తి. ఇవన్నీ సన్నని తంతువుల పనులు. టీ గ్లాసు వేడి తెలియక వేళ్లు కాలతాయి, చెప్పులో రాయి తెలియక పుండు పడుతుంది. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కుష్ఠు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మందులు ఉచితం. స్పర్శ లేని మచ్చ కనిపించగానే వెళితే చేతులూ కాళ్లూ దక్కుతాయి.

2025 జనవరిలో పుణెలో అలజడి రేపిన గీయన్-బారే సిండ్రోమ్‌లో, ఇన్ఫెక్షన్ తర్వాత శరీర రక్షణ వ్యవస్థే నరాల మీద పడుతుంది. దాని ఒక రకంలో దాడి మయిలిన్ మీద, మరో రకంలో నేరుగా ఆక్సాన్ మీద. నరాల వేగ పరీక్ష ఇక్కడ అక్కరకొస్తుంది. పెద్దవాళ్ల చేతి నరాల్లో సెకనుకు 50 మీటర్లు, కాళ్లలో 40 మీటర్లు దాటి ఉండాల్సిన వేగం బాగా పడిపోతే తొడుగు చెడిందని అర్థం. వేగం ఉండి, సంకేతం ఎత్తు తగ్గితే ఆక్సాన్లు తగ్గాయని అర్థం. తొడుగు మాత్రమే పోతే ష్వాన్ కణాలు మళ్లీ చుట్టగలవు. చాలామంది వారాల్లో, నెలల్లో లేచి నడిచేది అందుకే.

ఇప్పుడు అరికాళ్ల మంటకు వద్దాం. మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు పది కోట్ల పైమాటే అని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. చాలామందిలో ముందుగా దెబ్బతినేది తొడుగు లేని తంతువులు, పలుచని తొడుగున్న తంతువులు. వేగ పరీక్ష యంత్రం తెర మీద మొదటగా, పెద్దగా లేచే అలను కొలుస్తుంది. ఎర్లాంగర్, గ్యాసర్ చూసినట్టే, అది లావు తంతువుల అల. సెకనుకు మీటరు చొప్పున వెనక నడిచివచ్చే చిన్న అల అందులో లెక్కకు రాదు. సన్నని తంతువుల సంగతి తేల్చాలంటే వేడి, చల్లదనం, సూది మొన తెలుస్తున్నాయో లేదో చూడాలి. అవసరమైతే చీలమండ పైన 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి, పై పొరలో మిగిలిన తంతువులను మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. పాదానికి ఆనించే ట్యూనింగ్ ఫోర్కు మళ్లీ లావు తంతువుల పరీక్షే. కాబట్టి రిపోర్టు నార్మల్ అని వచ్చి, మంట మాత్రం ఉంటే, "వేడి, సూది మొన పరీక్షలు కూడా చేశారా?" అని డాక్టరును అడగండి. ఆ సమాధానం వచ్చేలోగా రాత్రి పడుకునే ముందు అరికాళ్లను అద్దంలో చూసుకోవడం మానకండి. నొప్పి కబురు చెప్పాల్సిన తంతువులే పోతుంటే, పుండు పడిన సంగతి కళ్లే చెప్పాలి.